గుడ్డుకు డబ్బా లేదు: మా సాల్మన్ బాట డైరీ

ఆగస్టు 24

మా అమ్మాయికి పదకొండేళ్లు. రెండేళ్లుగా దానికి జియోక్యాషింగ్ పిచ్చి. ఎవరో ఒక డబ్బా దాచి, అది ఉన్న చోటి అక్షాంశ రేఖాంశాలు నెట్‌లో పెడతారు. మనం ఫోన్‌లో ఆ అంకెలు పట్టుకుని వెతకాలి. దొరికితే లోపలున్న చిన్న పుస్తకంలో పేరు, తేదీ రాసి, డబ్బాను ఎక్కడిదక్కడ పెట్టి రావాలి. ఆట అంతే. 2000 మే మొదట్లో అమెరికా ప్రభుత్వం మామూలు జనం వాడే జీపీఎస్ సిగ్నల్‌లో కావాలని పెట్టిన తేడాను తీసేసింది. వెంటనే, మే 3న, డేవ్ ఉల్మర్ అనే ఆయన ఆరెగాన్‌లో ఒక బకెట్ దాచి దాని అంకెలు బయటపెట్టాడు. అక్కడ మొదలైంది ఇదంతా.

మేమిద్దరం ఇన్నాళ్లూ వెతికినవాళ్లమే. ఈ సాయంత్రం వాగు పక్కన నడుస్తుంటే అది ఆగిపోయి, "అమ్మా, ఇక్కడ ఒక్క డబ్బా కూడా లేదు. మనమే పెడదామా?" అంది.

మా వాగు వాషింగ్టన్ రాష్ట్రంలో, సియాటిల్‌కు తూర్పున ఉంటుంది. దీని నీళ్లు చివరికి లేక్ వాషింగ్టన్‌లో కలిసి, బాలర్డ్ లాకుల గుండా సముద్రానికి పోతాయి. ఏటా చలికాలం ముందు సాల్మన్ చేపలు ఎదురెక్కే వాగు ఇది. డబ్బాలు పెడితే సాల్మన్ జీవితం మీదే పెట్టాలని ఇంటికొచ్చేలోపు ఇద్దరం తేల్చేసుకున్నాం.

సెప్టెంబరు 7

ఏ సాల్మన్ అన్నది మొదటి చిక్కు. ఇటు పసిఫిక్ వైపు ముఖ్యంగా ఐదు రకాలు: షినూక్, కోహో, సాకై, చమ్, పింక్. ఐదూ ఏటిలో పుట్టి, సముద్రంలో పెరిగి, ఏటికి తిరిగొచ్చి గుడ్లు పెట్టి చనిపోతాయి. అంతవరకూ ఒకటే కథ. కానీ మధ్యలో దేని దారి దానిదే. పింక్, చమ్ పిల్లలు గులకరాళ్లలోంచి బయటికి రాగానే సముద్రం వైపు పోతాయి. సాకై పిల్లలు సాధారణంగా చెరువులో ఒకటి రెండేళ్లు ఉంటాయి. కోహో పిల్ల వాగులోనే ఏడాదికి పైగా గడుపుతుంది.

నేను మొదట అన్నీ కలిపి "సాల్మన్ జీవితం" అని ఒకే కథ రాశాను. చదివి చూసుకుంటే ఏ చేపకూ సరిపోని కథ అది. చించేశాను. మాది కోహో బాట. వాగులో ఎక్కువ కాలం బతికేది అదే కనుక, వాగు పక్కన నడిచేవాళ్లకు చెప్పాల్సింది ఎక్కువగా దాని గురించే ఉంటుంది. గుడ్డు నుంచి లెక్కేస్తే ఏడాదిన్నర మంచినీళ్లలో, ఏడాదిన్నర ఉప్పునీళ్లలో. మూడేళ్ల జీవితం.

పేర్లు కూడా పెట్టుకున్నాం. ఇక్కడి పుస్తకాల్లో ఆలెవిన్, ఫ్రై, పార్, స్మోల్ట్ అంటారు. మా అమ్మాయి వాటికి తెలుగులో సొనపిల్ల, చిరుపిల్ల, చారలపిల్ల, వెండిపిల్ల అని పెట్టింది. పొట్ట కింద పచ్చసొన సంచి వేలాడుతూ ఉండేది సొనపిల్ల. ఒంటి పక్కన వేలిముద్రల్లా నిలువు చారలు పడితే చారలపిల్ల. సముద్రానికి సిద్ధమై చారలు మాసి తళతళలాడేది వెండిపిల్ల. నాకు ఇంగ్లిషు పేర్లకంటే ఇవే నచ్చాయి. చేపను చూస్తే పేరు దానంతట అదే గుర్తొస్తుంది.

సెప్టెంబరు 21

బాలర్డ్ లాకులకు వెళ్లాం. 1917లో తెరిచిన ఈ లాకుల పక్కన చేపల కోసం 21 మెట్ల నీటి దారి ఉంది. కింద అద్దాల గదిలో నిలబడితే కళ్లెదుటే ఎక్కుతుంటాయి. మా అమ్మాయి ముక్కు అద్దానికి ఆనించి నిలబడింది. దాని ముఖానికి జానెడు దూరంలో ఒక కోహో నీటి తోపుకు ఎదురుగా ఆగి ఉంది. ముందుకు పోవట్లేదు, వెనక్కి జారట్లేదు. తోక మాత్రం ఆడుతోంది, మొప్పలు తెరుచుకుని మూసుకుంటున్నాయి. రెండు నిమిషాలు అలా ఉండి ఒక్క విసురులో పై మెట్టుకు పోయింది. ఏటికి ఎదురీదడం అని రోజూ అనే మాటే. ఎంత బలం కావాలో ఈరోజు తెలిసింది.

ఇంకో సంగతి: చాలా చేపలకు వీపు మీద, తోకకు ముందు ఉండే చిన్న కండ రెక్క లేదు. హేచరీలో పెంచి వదిలిన పిల్లలకు గుర్తుగా దాన్ని కత్తిరిస్తారు. రెక్క ఉన్నవి ఎక్కువగా వాగులో పుట్టినవే. ఇది మా మూడో డబ్బాలో ప్రశ్నగా పెట్టాలి.

సెప్టెంబరు 28

కాగితం మీద బాట గీశాను. మామూలుగా అయితే పార్కింగ్ దగ్గర మొదలెట్టి వరుసగా డబ్బాలు పెట్టుకుపోతారు. మాకు అది కుదరదు. పిల్ల చేప ప్రవాహంతో కిందికి పోతుంది, పెద్ద చేప ఎదురెక్కి వస్తుంది. నడిచేవాళ్లూ అలాగే నడవాలి. అందుకని ఎడమ గట్టున కిందికి, కింద చెక్క వంతెన దాటి, కుడి గట్టున పైకి. ఒక్కో వైపు 1200 మీటర్లు. వంతెనే మా సముద్రం. చివరి డబ్బా మొదలుపెట్టిన చోటే ఉండాలి, ఎందుకంటే చేప పుట్టిన చోటికే వస్తుంది.

ఇక్కడ నిబంధన అడ్డొచ్చింది. ఈ ఆటలో దాచి నెట్‌లో పెట్టే ఒక్కో నిధిని క్యాష్ అంటారు. వేర్వేరు క్యాష్‌ల డబ్బాల మధ్య కనీసం 161 మీటర్లు, అంటే మైలులో పదో వంతు, దూరం ఉండాలి. నడిచే దూరం కాదు, గీత గీసినట్టు నేరుగా. మా వాగు వెడల్పు పదిహేను మీటర్లు కూడా ఉండదు. అంటే అవతలి గట్టు డబ్బా కూడా లెక్కలోకి వస్తుంది. మొదటిదీ చివరిదీ ఒకే చోట ఉండటం అసలే కుదరదు. అన్నీ కలిపి ఒకే బహుళ దశల క్యాష్‌గా పెడితే ఆ దూరం లెక్క ఉండదు. కానీ చిన్న పిల్లలతో వచ్చేవాళ్లు ఒక్క డబ్బా చూసి వెళ్లిపోయే వీలుండాలని నా పట్టుదల.

రెండు గంటలు కొట్టుకున్నాక మా అమ్మాయి అంది: "అమ్మా, గుడ్డుకు డబ్బా ఎందుకు? గుడ్లు రాళ్ల కింద ఉంటాయి, ఎవరికీ కనపడవు కదా."

నిజమే. గుడ్డుకు డబ్బా లేదు. పై వంతెన రెయిలింగ్ దగ్గర పార్కువాళ్ల బోర్డు ఒకటి ముందే ఉంది. దాని మీది అంకెల్లో ఒకటి రాసుకోవడమే మొదటి దశ. నిలబడి, కిందున్న గులకరాళ్ల వైపు చూసి, అంకె రాసుకుని కదలాలి. వెతకడానికి ఏమీ లేదు.

మిగతా ఆరు డబ్బాలను అటూ ఇటూ ఎడంగా పేర్చాను. ఎడమ గట్టున పై వంతెన నుంచి 250, 600, 1000 మీటర్ల దగ్గర. కుడి గట్టున 800, 430, 40 మీటర్ల దగ్గర. గట్టు మారినా ఏ రెండు డబ్బాలూ 170 మీటర్లకంటే దగ్గరగా రావు. కాగితం మీద జడ అల్లినట్టు వచ్చింది. ఆ బొమ్మను ఫ్రిజ్‌కు అతికించాం.

అక్టోబరు 12

ముద్రల పని. ఒక్కో డబ్బాలో ఒక రబ్బరు ముద్ర ఉంటుంది, నడిచేవాళ్లు తమ కార్డు మీద కొట్టుకుంటారు. ఆరు ముద్రలు పడితే ఒక చేప జీవితం పూర్తయినట్టు. పెద్ద ఎరేజర్ల మీద లినో కట్టర్‌తో చెక్కుతున్నాం.

సొనపిల్లను మూడుసార్లు చెక్కాల్సి వచ్చింది. మొదటిసారి సొన సంచిని నిండుగా వదిలేశాం, కొడితే సిరా మరక పడినట్టు ఉంది. రెండోసారి గీతలు మరీ సన్నగా అయ్యి సిరా నిండిపోయింది. మూడోసారి సంచి చుట్టూ గీత మాత్రం ఉంచి, లోపల తొలిచేసి, ఒక మూల చిన్న చుక్క వదిలాం. దాంతో కళ్లు మాత్రం నల్లగా, పొట్ట పారదర్శకంగా కనిపించింది. అసలు సొనపిల్ల కూడా అలాగే ఉంటుంది, అద్దంలాంటి ఒంటికి రెండు నల్ల కళ్లు. కట్టర్‌ను ఎప్పుడూ మనవైపు కాకుండా అవతలికే తోయాలి, ఎరేజర్‌ను తిప్పుకోవాలి కానీ చేతిని తిప్పకూడదు. అంకెలు అద్దంలో చూసినట్టు తిరగేసి చెక్కాలన్నది మూడో ముద్రకు గుర్తొచ్చింది. కాగితం మీద పెన్సిల్‌తో రాసి ఎరేజర్ మీద బోర్లించి గోటితో రుద్దితే దానంతట అదే తిరగబడి పడుతుంది.

డబ్బాలు నాలుగు వైపులా క్లిప్పులుండి, మూతకు రబ్బరు చుట్టు ఉండేవి. లోపల నీళ్లకు తడవని కాగితం, పెన్సిల్. ఇక్కడ వాన నెలల తరబడి పడుతుంది, పెన్ను పనికిరాదు.

అక్టోబరు 19

వాసన ప్రయోగం పోయింది. సాల్మన్ తన వాగును వాసనతో గుర్తుపడుతుంది. వెండిపిల్లగా మారే రోజుల్లో ఆ నీటి వాసన మెదడులో ముద్ర పడిపోతుంది. ఆర్థర్ హాస్లర్ బృందం దీన్ని పరీక్షించడానికి కోహో పిల్లలను మార్ఫొలిన్ అనే రసాయనం కలిపిన నీటికి అలవాటు చేసి, మిషిగన్ సరస్సులో వదిలింది. తిరిగి వచ్చే కాలంలో ఆ రసాయనం కలిపిన ఏటి వైపే అవి వచ్చాయి. నడిసముద్రంలో భూమి అయస్కాంత శక్తి దారి చూపుతుందనడానికీ ఆధారాలున్నాయి. కానీ చివరి మలుపుల్లో పని చేసేది ముక్కే.

ఇది ఎలాగైనా జనానికి అనుభవంలోకి తేవాలనుకున్నాను. మూడో డబ్బాలో లవంగం వాసన చూపించి, ఐదో డబ్బా దగ్గర లవంగం, దాల్చిన చెక్క రెండూ పెట్టి, ఏ వైపు వెళ్లాలో ముక్కుతోనే తేల్చుకోమనాలని ప్లాన్. పెరట్లో ఒక రాత్రి పరీక్షకు పెట్టాను. పొద్దున చూస్తే మూత మూల నమిలేసి ఉంది, బురదలో చిన్న చేతుల్లాంటి రకూన్ గుర్తులు. డబ్బాల్లో తిండి, వాసన వస్తువులు పెట్టొద్దని జియోక్యాషింగ్‌వాళ్లు ఎందుకంటారో కళ్లారా చూశాం. అడవి జంతువు ప్లాస్టిక్ మింగితే ఆ తప్పు నాది అవుతుంది. ఆ ఆలోచన మానేశాను.

బదులుగా గుర్తు పెట్టుకున్నాం. మూడో డబ్బాలో మా అమ్మాయి గీసిన ఒక వేరు బొమ్మ ఉంటుంది. ఫోటో తీయకండి, గుర్తుంచుకోండి అని రాశాం. ఐదో డబ్బాలో రెండు వేర్ల బొమ్మలు, ఒక్కోదాని కింద ఒక్కో అంకె. గుర్తున్న వేరు కింది అంకె వాడితేనే చివరి డబ్బా దొరుకుతుంది. తప్పు అంకె వాడినా మంచి చోటికే, వాగు కనిపించే ఒక బెంచీ దగ్గరికే చేరతారు. సాల్మన్‌లో కూడా కొన్ని దారి తప్పి వేరే వాగు ఎక్కుతాయి, కొత్త చోట్ల సాల్మన్ పుట్టుకొచ్చేది వాటివల్లే.

నవంబరు 2

మూడు వారాల ఎండ తర్వాత మొదటి పెద్ద వాన. ఐదో డబ్బా చోటు చూడటానికి వెళ్లాం. రోడ్డు కింద తూము దాటి వాగు వచ్చే చోటు అది.

తూముకు ఇరవై అడుగుల కింద ఒక ఆడ కోహో నీటిపైకి వచ్చి నోరు తెరుస్తూ మూస్తూ గుండ్రంగా తిరుగుతోంది. ఒకవైపుకు ఒరిగిపోతోంది, మళ్లీ లేస్తోంది. మేం చూస్తుండగానే ఒడ్డు రాళ్ల మధ్య ఆగిపోయింది. ఒంటి మీద పెద్ద గాయం ఏమీ లేదు. పొట్ట నిండుగా ఉంది. అంటే గుడ్లు ఇంకా పెట్టలేదు. సముద్రం నుంచి లాకులు ఎక్కి, సరస్సు దాటి, వాగు ఎక్కి, ఇక్కడిదాకా వచ్చి.

మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు, రిటైరయ్యాక ఏటా వాలంటీరుగా ఈ వాగులో చేపలు లెక్కపెడతారు. ఫోన్ చేస్తే వచ్చారు. ఈ లక్షణాలు ఆయనకు బాగా తెలుసు. టైర్లు త్వరగా పగలకుండా వాటిలో 6పీపీడీ అనే రసాయనం కలుపుతారు. గాలిలోని ఓజోన్ తగిలి అది 6పీపీడీ-క్వినోన్‌గా మారుతుంది. టైరు అరిగిన పొడి రోడ్డు మీద పేరుకుని, మొదటి వానకు కొట్టుకొచ్చి వాగులో పడుతుంది. కోహోకు అది కొన్ని గంటల్లో ప్రాణం తీసే విషం. చమ్‌కు అదే నీటిలో అంత హాని జరగదు. ఏళ్ల తరబడి అంతుపట్టని ఈ చావులకు కారణం ఇదేనని వాషింగ్టన్ రాష్ట్ర పరిశోధకులు 2020 డిసెంబరులో బయటపెట్టారు. రోడ్డు నీటిని నేరుగా వాగులోకి వదలకుండా మట్టి, చెక్క పొట్టు కలిపిన గుంటల గుండా ఇంకనిస్తే చేపలు బతుకుతున్నాయని కూడా పరీక్షించి చూశారు. అంటే దారి ఉంది.

మా అమ్మాయి కారులో ఏమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చాక ఐదో డబ్బా కార్డు మొత్తం తిరగరాసింది. ముందు దాంట్లో ఎదురీత గురించే ఉండేది. ఇప్పుడు మొదటి వాక్యం: "మీరు ఇప్పుడు ఒక రోడ్డు పక్కన నిలబడి ఉన్నారు."

నవంబరు 9

ఈరోజు జరిగింది బాగా గుర్తుండాలి, అందుకే పొడుగ్గా రాస్తున్నాను.

చివరి డబ్బాకు నేను అనుకున్న చోటు కుడి గట్టున, నీటి అంచుకు రెండడుగుల దూరంలో, ఒక పడిపోయిన దుంగ వెనక. అందమైన చోటు. వాగు చప్పుడు, నాచు, వంగిన మేపుల్ కొమ్మ. జీపీఎస్ సగటు తీసుకోవడానికి ఇప్పటికే మూడుసార్లు వెళ్లొచ్చాం. చెట్ల కింద సిగ్నల్ అటూ ఇటూ గెంతుతుంది, కాబట్టి వేర్వేరు రోజుల్లో కొలిచి సగటు తీయాలి. ఈరోజు వెళ్తే ఒడ్డు గడ్డి మీద మా అడుగులతోనే ఒక సన్నని బాట పడి ఉంది. నేరుగా నీళ్లలోకి దిగే బాట.

దాని చివర నీటిలో ఒక ఆడ కోహో. పక్కకు పడుకుని తోకతో గట్టిగా కొడుతోంది, నాలుగు దెబ్బలు, ఆగడం, మళ్లీ నాలుగు. రాళ్లను తోక తవ్వట్లేదు. తోక లేపిన నీటి తోపుకు రాళ్లు పైకి లేస్తే ప్రవాహం వాటిని కిందికి జరుపుతోంది. కాసేపటికి గుంట పడింది. వెనకే వంకర ముక్కు మగ చేప, పక్కలు ఎర్రగా. ఇద్దరూ గుంటలో పక్కపక్కన ఆగి, నోళ్లు తెరిచి ఒణికాయి. ఒక్క క్షణం నీరు పాలలా మసకబారింది. వెంటనే ఆడది కాస్త ఎగువకు జరిగి మళ్లీ తోక కొట్టడం మొదలెట్టింది. ఇప్పుడు లేచిన రాళ్లు కిందున్న గుడ్లను కప్పుతున్నాయి. అంతా అయ్యాక చూస్తే చుట్టూ నాచు పట్టిన ముదురు రాళ్ల మధ్య ఆ ఒక్క చోటు కడిగినట్టు లేత రంగులో ఉంది. గూడు గుర్తు అదే.

పెద్దాయన మెల్లగా చెప్పారు. గుడ్డులో కళ్లు చుక్కల్లా కనిపించేదాకా అది చాలా సున్నితం, ఒక గట్టి కుదుపు చాలు చనిపోవడానికి. రబ్బరు బూటుతో ఒక అడుగు వేస్తే ఎన్ని పోతాయో. ఒక్క కోహో పెట్టేది సుమారు 2,500 నుంచి 3,000 గుడ్లు. వాటిలో రెండు తిరిగొస్తే చేపల సంఖ్య నిలబడుతుంది.

మా బాట జనాన్ని సరిగ్గా ఆ రాళ్ల మీదికి దింపబోయింది. నేను ఆ చోటును మూడుసార్లు కొలిచాను, ఒక్కసారీ ఈ కోణంలో ఆలోచించలేదు. అది నా తప్పే.

సాయంత్రం కూర్చుని ఒకే ఒక నియమం రాసుకున్నాం: ఏ డబ్బా కూడా కాలిబాటకు నీటి వైపు ఉండదు. ఆరూ గట్టు వైపే. వెతికేవాడి వీపు వాగు వైపు ఉండాలి. పేజీలో మొదటి వాక్యంగా, సూచనలో చివరి వాక్యంగా, డబ్బా మూత మీద కూడా ఇదే రాస్తాం. దుంగ వెనక చోటు వదిలేశాం. చివరి డబ్బా ఇప్పుడు మెట్లు ఎక్కాక ఒక పెద్ద సీడర్ చెట్టు వేళ్ల మధ్య ఉంటుంది. చెట్టుకు మేకు కొట్టలేదు, నేల తవ్వలేదు.

నవంబరు 30

మా వదిన వాళ్లు పండగ సెలవులకు వచ్చి ఉన్నారు. వాళ్లకు గూడు చూపించాను, వంతెన మీద నుంచే. "మన గోదావరికి ఎదురెక్కే పులస లాంటిదా వదినా?" అంది. సగం నిజం. పులస కూడా సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికే ఏరు ఎక్కుతుంది. కానీ అది మళ్లీ సముద్రానికి తిరిగి పోగలదు. కోహో పోదు. మంచినీటిలోకి వచ్చాక మేత మానేస్తుంది, ఒంట్లో ఉన్నదంతా ఈ ప్రయాణానికీ గుడ్లకూ ఖర్చవుతుంది, గూడు కప్పిన కొన్నాళ్లకు చనిపోతుంది. ఆ కళేబరాన్ని పురుగులు, పక్షులు, రకూన్లు, వాగులోని పిల్ల చేపలు తింటాయి. సముద్రం నుంచి వచ్చిన నత్రజనిని ఏటి పక్క చెట్లలో కూడా కొలిచారు. చివరి డబ్బా సీడర్ వేళ్ల మధ్య ఉండటం ఇప్పుడు నాకు దుంగ చోటుకంటే నచ్చింది.

థర్మామీటర్‌కు తాడు కట్టి ప్రతి శనివారం వంతెన మీద నుంచి వదులుతున్నాం. రోజువారీ సగటు వేడిని కలుపుకుంటూ పోవాలి. కోహో గుడ్డు ఆ మొత్తం 400 నుంచి 500 డిగ్రీలకు చేరేసరికి పగులుతుంది, 700–800 దగ్గర పిల్ల రాళ్లలోంచి బయటికొస్తుంది. ఇరవై రెండు రోజులు, సగటున 8 డిగ్రీలు. ఇవాళ్టికి 176.

జనవరి 12

డిసెంబరంతా 6 డిగ్రీలు, ఇప్పుడు 5. మొత్తం 422. రాళ్ల కింద సొనపిల్లలు పుడుతూ ఉండాలి. పైనుంచి చూస్తే ఏమీ లేదు, బూడిద రంగు నీళ్లు, వాన. పార్కువాళ్ల అనుమతి కాగితం వచ్చింది.

ఫిబ్రవరి 15

డబ్బాలు పెట్టాం. మూడు గంటలు పట్టింది. నాలుగో డబ్బాలో, అంటే సముద్రం డబ్బాలో, మా అమ్మాయి రెండు బరువులు పెట్టింది. ఒకటి వేలెడు వెండిపిల్ల బరువంత ఇసుక, చిన్న సీసాలో. రెండోది "3 నుంచి 5 కిలోలు" అని రాసిన చీటీ. సముద్రంలో ఏడాదిన్నరలో జరిగే మార్పు అది. ఉప్పునీరు తాగి బతకడానికి మొప్పల పనే తిరగబడాలి. మంచినీటిలో ఉప్పును లోపలికి లాక్కునే మొప్పలు, సముద్రంలో ఉప్పును బయటికి తోసేయాలి. ఆ మార్పు వాగు దాటేలోపే మొదలవుతుంది. ఇదంతా కార్డు మీద నాలుగు వాక్యాల్లో సర్దడానికి నాకు వారం పట్టింది.

మార్చి 8

వదిన, పిల్లలు మళ్లీ వచ్చారు, బాటను మొదటిసారి పరీక్షించడానికి. మేం వెంట వెళ్లలేదు, ఫోన్ దగ్గర టెన్షన్‌గా కూర్చున్నాం. మొదటి డబ్బా పది నిమిషాల్లో దొరికింది. రెండోది దొరకలేదు. అరగంట తర్వాత వదిన ఫోన్: "వదినా, ఇక్కడ వాగే లేదు. ఎవరిదో కంచె ఉంది."

కారణం చూసుకుంటే చిన్నది. ఫోన్ ఒకచోట అక్షాంశంలో డిగ్రీల తర్వాతి భాగాన్ని 31 నిమిషాల 30 సెకండ్లు అని చూపించింది. జియోక్యాషింగ్‌లో సెకండ్లు వాడరు, నిమిషాలను దశాంశాల్లో రాస్తారు. 30 సెకండ్లు అంటే సగం నిమిషం, అంటే 31.500 అని రాయాలి. నేను 31.30 అని కొట్టాను. ఆ తేడా 370 మీటర్లు, నేరుగా దక్షిణానికి. మిగతా ఐదూ మళ్లీ సరిచూశాను, బాగున్నాయి. కొత్తగా డబ్బాలు పెట్టేవాళ్లెవరైనా ఇది చదివితే, ఫోన్ సెట్టింగుల్లో డిగ్రీలు–దశాంశ నిమిషాలు అన్నది ముందే మార్చుకోండి. ఆ తర్వాత మీ అంకెలతో వేరేవాళ్లను ఒకసారి నడిపించండి.

ఇంకో సంగతి వదిన పెద్దబ్బాయి చెప్పాడు, వాడికి ఏడేళ్లు. "అత్తా, డబ్బా వెతికేటప్పుడు వాగు కనపడట్లేదు." నియమం పని చేస్తోందన్నమాట. కానీ వాడి మాటలో న్యాయముంది. అందుకని ప్రతి కార్డు చివర ఒక వాక్యం కలిపాం: డబ్బా మూసేశాక వెనక్కి తిరిగి, బాట మీదే నిలబడి, ఒక నిమిషం నీళ్లు చూడండి.

మార్చి 22

నీళ్లు ఈ నెల 6.5 డిగ్రీల దగ్గర ఉన్నాయి. మొత్తం 800. బాట నిన్న రాత్రి నెట్‌లో వచ్చింది.

పొద్దున్నే వెళ్లాం, ముందుగా పై వంతెన దగ్గరికి. గూడు గుర్తు ఎప్పుడో పోయింది, చలికాలం వరదలకు రాళ్లన్నీ ఒకే రంగుకు వచ్చేశాయి. దుంగ కింద నీరు మెల్లగా తిరిగే చోట, నేను మొదట డబ్బా పెట్టాలనుకున్న చోటికి సరిగ్గా ఎదురుగా, ఏదో కదిలింది. గడ్డిపరక అనుకున్నాను. మా అమ్మాయి నా చేయి పట్టుకుని, "అమ్మా, కళ్లు చూడు," అంది.

అగ్గిపుల్లంత పొడుగు కూడా లేవు. ఒళ్లు ఇసుక రంగులో కలిసిపోయింది, కళ్లు మాత్రం నల్లగా. అన్నీ ప్రవాహానికి ఎదురుగానే ముఖం పెట్టి ఆగి ఉన్నాయి. ఒకటి పైకొచ్చి ఏదో అందుకుని మళ్లీ వరుసలోకి జారింది. ముప్పై ఒకటి దాకా లెక్కపెట్టాం. వంతెన మీద ఎవరో పరుగెత్తేసరికి అన్నీ దుంగ నీడలోకి వెళ్లిపోయాయి.

ఆ పరుగెత్తింది ఇద్దరు పిల్లలు, వెనకే వాళ్ల నాన్న చేతిలో ఫోన్. బోర్డు మీద అంకె వెతుకుతున్నారు. మేం ఎవరమో చెప్పలేదు. వాళ్లు అంకె రాసుకుని ఎడమ గట్టున కిందికి దిగిపోయారు. రెండు గంటల తర్వాత సీడర్ చెట్టు దగ్గర పుస్తకం తెరిచి చూస్తే మొదటి పేజీలో ముగ్గురి పేర్లు, పక్కన వంకరగా పడిన ఆరో ముద్ర, కింద పెన్సిల్‌తో పిల్లల రాత: "రెండో డబ్బాలో సిరా ఆరిపోయింది." రేపు వెళ్లి మార్చాలి.